మంగళి పుట్టిన మధ్యాహ్నం

బరంపురం గోసాని నువాగాంలో మా మేడ కింద చెరకురసం బండివాడు గానుగ తిప్పడం మొదలుపెట్టగానే ఆ పచ్చివాసన కిటికీలోంచి లోపలికి వస్తుంది. నేను మనసులో అస్కా దగ్గరి మా ఊరికి, నాయనమ్మ కిరాణాకొట్టుకి వెళ్లిపోతాను.

మా ఊళ్లో పొలాలు ఒడియావాళ్లవి, కొట్లు మా తెలుగువాళ్లవి. రజొ పండక్కి వాళ్లిళ్ల నుంచి అరిటాకులో కాల్చిన పొడొపిఠా వచ్చేది, మా ఇంటి నుంచి నువ్వులద్దిన అరిసెలు వెళ్లేవి. వేసవి పొద్దున అందరిదీ చద్దన్నమే. మగవాళ్లు సూరత్ మగ్గాలకి పోవడం మొదలయ్యాక చెరకు కొట్టేవాళ్లు కరువై, కొండల మీంచి సవర కుటుంబాలు దిగివచ్చి, మా కొట్టు వెనక తోట గట్టున చెరకాకు గుడిసెలు వేసుకున్నాయి. వాళ్లని నూతి దగ్గరికి రానివ్వద్దని అందరికంటే గట్టిగా అరిచింది మేం మావుసి అని పిలిచే పక్కింటి ఒడియా ఆవిడ.

ఒక మధ్యాహ్నం సోంబారి అనే సవర ఆమె, నిండు నెలల మనిషి, చెరకు కొడుతూ నొప్పులొచ్చి సాలులోనే కూలబడింది. ఆస్పత్రికి తీసుకెళ్దామంటే బళ్లన్నీ చెరకుతో మిల్లుకి పోయాయి. నాయనమ్మ ఆమెను నడిపించుకొచ్చి మా పెరటి వసారాలో పడుకోబెట్టింది.

"ఏటలా సూస్తన్నావు? ఎల్లి మావుసిని పిలు!" అని నన్ను తరిమింది.

రాదనుకున్నాను. వచ్చింది. నాయనమ్మ తెలుగులో ధైర్యం చెప్పింది, మావుసి ఒడియాలో కేకలేసింది, సోంబారి సవరలో వాళ్లమ్మనే పిలిచిందో మమ్మల్నే తిట్టిందో గానీ ఇద్దరి చేతులూ వదల్లేదు. పుట్టిన బిడ్డ ఎంతకీ ఏడవలేదు. మావుసి ఆ చిన్న వీపుని రుద్దీ రుద్దీ చెమటతో తడిసిపోయింది. చివరికి బిడ్డ కేరుమంది.

"ఝిఅ!" ఆడపిల్ల అని మావుసి నవ్వి, బొక్కెన పట్టుకుని తానే నూతికి వెళ్లి తల్లీబిడ్డల స్నానానికి నీళ్లు తోడింది. మర్నాడు సోంబారి మొగుడు అదే నూతిలో చేద వేస్తే ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

మంగళవారం పుట్టిందని మంగళి అన్నారు. కోతలైపోయి తక్కినవాళ్లు కొండెక్కినా సోంబారి వాళ్లు మాత్రం ఉండిపోయారు. మంగళి మా కొట్టు అరుగు మీద గవ్వలాడుతూ, నాయనమ్మ చేతి ముద్దలు తింటూ పెరిగింది.

ఇప్పుడా గుడిసెలు లేవు, మా కొట్టూ లేదు, తెలుగువాళ్లందరం బరంపురం చేరిపోయాం. సూరత్ వెళ్లినవాళ్ల పొలాలు మంగళే కౌలుకి చేస్తోంది. నా పిల్లలు తెలుగులో అడిగితే ఒడియాలో జవాబిస్తారు. దానికి నాకు బాధ లేదు, వాళ్ల ఊరు ఇదే. నాయనమ్మ మాటతీరు మాత్రం మా ఇంట్లో ఎవరికీ రాలేదు. చదువుల్లో పడి నాదీ పోయింది.

పోయిన నెల ఊరెళితే మంగళి మడిలోంచే చెయ్యూపింది.

"ఏటప్పా, ఇన్నాల్లకి దారి దొరికిందేటి? రా, గంజి తాగుదువు గాని!"

ఆ మాటతీరులో ఇంకోసారి పిలుస్తుందని, విననట్టు గట్టు మీదే నిలబడ్డాను.