ఫ్యాన్లన్నీ బయటికే

2012 ఏప్రిల్ చివరి ఆదివారం సాయంత్రం, గోదావరిఖని లక్ష్మీనగర్‌లోని ఒక మేడమీది గదిలో, ఆట ముగియడానికి కొద్ది నిమిషాల ముందు మూడో నంబరు కంప్యూటర్ ఆగిపోయింది. కరెంటు పోలేదు. పక్కనున్న మూడు కంప్యూటర్లూ నడుస్తూనే ఉన్నాయి. ప్రాసెసర్ వేడి హద్దు మీరినప్పుడు కాలిపోకుండా తనను తాను కాపాడుకోవడానికి యంత్రం చేసే పని అది. నెల కిందటి పోటీలోనూ అదే కంప్యూటర్ అలాగే ఆగింది.

ఆ గది రెజీనాది. ఆరేళ్ల కిందట ఆమె దాన్ని ఇంటర్నెట్ సెంటర్‌గా తెరిచింది. ఫోన్లలోకి ఇంటర్నెట్ రావడంతో గిరాకీ పడిపోయాక, నాలుగు కంప్యూటర్లను ఆటలకు తగినట్టు మార్చి గేమింగ్ సెంటర్ చేసింది. నెలకొకసారి అక్కడ ఖని కుర్రాళ్లకూ, విద్యుత్కేంద్రం ఇంజనీర్ల క్వార్టర్లుండే జ్యోతినగర్ కుర్రాళ్లకూ పోటీ జరుగుతుంది. మిగిలిన రోజుల్లో ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది ఆ పోటీకి సాధన చేయడానికే వస్తారు.

జ్యోతినగర్ జట్టుకు పెద్ద రుత్విక్. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. చీకటి పడ్డ తెర ముందు నుంచి అతను లేచి నిలబడ్డాడు.

“అక్కా, మీ సిస్టంకు ఎండదెబ్బ తగిలినట్టుంది. జర నిమ్మకాయ నీళ్లు తాపండి.”

అందరూ నవ్వారు. ఖని కుర్రాళ్లు కూడా నవ్వారు. రెజీనాకు తగిలింది ఆ రెండో నవ్వే. నవ్వులు ఆగిన తర్వాత రుత్విక్ మామూలు గొంతుతో, మే నెల పోటీ ఒక్కటి ఇక్కడ ఆడి చూస్తామనీ, మళ్లీ ఆగితే తమ కాలనీలోనే ఒక గది చూసుకుంటామనీ చెప్పి వెళ్లాడు.

జట్టు పోతే సాధన పోతుంది. సాధన పోతే సెంటర్ మూతపడుతుంది. మూతపడితే ఏం జరగాలో ఆమె తల్లి సుసన్నా ముందే నిర్ణయించింది: జూన్‌లో బడి తెరిచేనాటికి చర్చి పక్కనున్న స్కూల్లో కంప్యూటర్ టీచరు పని. ప్రధానోపాధ్యాయురాలితో ఆమె ఒక మాట కూడా అని ఉంచింది. ఆ పనిలో తప్పేమీ లేదు. అది తాను ఎంచుకున్నది కాదు, అంతే. రెజీనాకు అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. తన జీవితంలో తాను ఎంచుకున్నది ఆ మేడమీది గది ఒక్కటే.

ఆమె కోపం అరిచే కోపం కాదు. కోపం వచ్చినకొద్దీ మాట తగ్గేది, చేతి పని చురుకయ్యేది. ఆ మే నెలంతా ఆమె చాలా తక్కువ మాట్లాడింది.

తండ్రి యిర్మియా ఒక భూగర్భ గని ఫ్యాన్‌హౌస్‌లో ఆపరేటర్‌గా ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. గనికి రెండు దారులుంటాయి. ఒక దారిలో మంచి గాలి దిగుతుంది. రెండో దారి మూతి దగ్గర అమర్చిన పెద్ద ఫ్యాన్ లోపలి వాయువులనూ, వేడినీ, ధూళినీ బయటికి గుంజుతుంది. ఆ ఫ్యాన్‌కు దగ్గరి కంపెనీ క్వార్టర్లలోనే రెజీనా పుట్టి పెరిగింది. దాని హోరు ఆగిన రాత్రి కాలనీలో పసిపిల్లలు సైతం నిద్ర లేచేవారు. ఫ్యాన్ పని గుంజడమేననీ, మంచి గాలి దానంతటదే వస్తుందనీ ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ నేర్పనక్కరలేదు.

మే మొదటి వారంలో ఆమె విడిభాగాల కోసం కరీంనగర్ వెళ్లింది. దుకాణదారు జగదీశ్వర్ ముందుగా నీటితో చల్లబరిచే పరికరం చూపించాడు. రంగు దీపాలతో అది అందంగానే ఉంది. రెజీనా వద్దంది. గదిలోని గాలి నలభై డిగ్రీలుంటే ఆ గొట్టాల్లో నీళ్లు ఎంత తిరిగినా నలభైకి దిగువకు రావు. పైగా పంపు ఆగితే ప్రాసెసర్‌కు దిక్కుండదు. ఆమె రాగి గొట్టాలకు అల్యూమినియం రేకులు గుచ్చిన ఎత్తైన గాలి కూలర్ ఒకటి ఎంచుకుంది. సంచిలోంచి స్కేలు తీసి దాని ఎత్తు కొలిచి, క్యాబినెట్ మూత పడుతుందని తేల్చుకుంది. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే పేస్టు, నూటఇరవై మిల్లీమీటర్ల ఫ్యాన్లు నాలుగు తీసుకుంది. ఆ స్కేలు చూసి జగదీశ్వర్ పక్కనున్నవాడికి కన్ను గీటడం ఆమె గమనించింది.

“ఖని నుంచా మేడం? అయితె ముందల ఫ్యాన్లు లోపటికి ఊదేటట్టు పెట్టి, దుమ్ము ఆగెటట్టు సన్న జాలి కట్టుండ్రి. మీ దిక్కు బొగ్గే తింటరు, బొగ్గే పీలుస్తరు, ఆఖరికి మాల్ ఖరాబైందని మా మీదికి వస్తరు.”

అందులో సలహా సగం, అవమానం సగం. రెజీనా రెండింటినీ ఆ కౌంటర్ మీదే వదిలేసి బస్సెక్కింది.

ఇంటికి వచ్చాక తండ్రీకూతుళ్లిద్దరూ మూడో నంబరు కంప్యూటర్ విప్పారు. ముందు రెండు ఫ్యాన్లు, పక్కన ఒకటి, వెనుక ఒకటి. ఫ్యాన్ చట్రం మీద గాలి ఎటు పోతుందో తెలిపే బాణం గుర్తు ఉంటుంది. నాలుగు బాణాలూ బయటి వైపే ఉండేటట్టు యిర్మియా తన చేత్తో బిగించాడు. రెజీనా అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పవలసినది ఉందని ఆమెకు తోచనే లేదు. తోచినా, ఆ ఎగతాళి గొంతు చెవుల్లో ఉండగా జగదీశ్వర్ సలహా పాటించేది కాదు.

అంతకుముందు ఆటలో తొంభై నాలుగుకు చేరిన వేడి ఆ రోజు డెబ్బై ఎనిమిది దగ్గర నిలిచింది. యిర్మియా మీసం దువ్వుకున్నాడు.

పది రోజులైనా నిలవలేదు. ఎనభై ఐదు, తొంభై, ఆపైన. ఒక మధ్యాహ్నం ఖని జట్టులోని టోనీ సాధన చేస్తుండగా యంత్రం మళ్లీ ఆగింది. ఇంట్లో వాడే ఎయిర్ కూలర్ తెచ్చి కంప్యూటర్ మీదికి తిప్పుదామని టోనీ అన్నాడు. రెండు రోజులు అదీ చేశారు. ఆ తేమకు ధూళి తడిసి ప్రాసెసర్ కూలర్ రేకుల మధ్య బురదలా పట్టింది. రెజీనా ఆ ఎయిర్ కూలర్ టోనీ చేతికే ఇచ్చి మెట్లు చూపించింది.

నకిలీ సరుకు అంటగట్టాడని జగదీశ్వర్‌కు ఫోన్ చేసింది. ఆమె చెప్పినదంతా విని అతను ఒక్కటే అడిగాడు.

“జాలి కట్టిండ్రా?”

ఆమె ఫోన్ పెట్టేసింది. ఆ రాత్రి అన్నం దగ్గర సుసన్నా బడి సంగతి మళ్లీ ఎత్తింది. రెజీనా కంచం ముందు నుంచి లేచిపోయింది.

మర్నాడు పొద్దున సెంటర్ తలుపులు లోపల గడియ పెట్టుకొని మూత విప్పింది. నకిలీ అనడానికి ఆధారం వెతుకుతూ కూర్చున్న ఆమెకు కనబడింది వేరు. ఫ్యాన్ల రెక్కల మీద ధూళి పలచగానే ఉంది. సీడీ డ్రైవ్ మూత సందు వెంట, యూఎస్‌బీ రంధ్రాల చుట్టూ, ముందు పలక అంచుల వెంట మాత్రం నల్లటి చారలు ఉన్నాయి. ప్రతి చారా లోపలి వైపే సాగింది. కూలర్ రేకుల మధ్య బొగ్గు పొడి ఎండి గొంగడి ముక్కలా పేరుకుంది.

గనిలో గాలి మందంగా ఉన్నచోట అది ఎటు కదులుతుందో చూడటానికి చిటికెడు పొడి జారవిడుస్తారు. రెజీనా మూత బిగించి యంత్రం నడిపించింది. సంచిలోని ముఖానికి రాసుకునే పౌడరు చిటికెడు తీసి సీడీ డ్రైవ్ సందు ముందు వదిలింది. పొడి నేల మీదికి రాలలేదు. సన్నని తీగలా సాగి సందులోకి పోయింది. యూఎస్‌బీ రంధ్రాల దగ్గర వదిలింది. అక్కడా లోపలికే పోయింది.

నాలుగు ఫ్యాన్లు బయటికి గుంజుతుంటే పెట్టె లోపలి ఒత్తిడి గదిలోని ఒత్తిడి కంటే తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి గాలి చొరబడుతుంది. ఆ సందులకు జాలి ఉండదు. గదిలో ఏ ధూళి ఉంటే ఆ ధూళితోనే వస్తుంది. ఆ గదిలో ఏ ధూళి ఉందో కిటికీ ఊచ మీద వేలు పెడితే తెలుస్తుంది. ఊరి పక్కన నేల పైనుంచే బొగ్గు తీసే ఓపెన్‌కాస్టు తవ్వకం, మధ్యాహ్నం పేలుళ్లు, వీధి చివర రోజంతా బొగ్గు లారీలు.

జగదీశ్వర్ చెప్పినది నిజం. అది నిజం కావడమే ఆమెకు అన్నిటికంటే ఎక్కువ మంట కలిగించింది.

తండ్రిని పిలిపించి, మళ్లీ పౌడరు వదిలి చూపించింది. యిర్మియా వంగి చూశాడు. ఆయన ముఖం గట్టిపడింది.

“ముప్పై ఏండ్లు గా ఫ్యాన్ తోటి మూడు షిఫ్టుల మందిని బతికించిన. గీ డబ్బా ముంగట నాకు తెల్వదంటవా?”

“నీ బొగ్గుబాయిల చెడ్డది లోపట ఉండె బాపు. గందుకే బయటికి గుంజిన్రు. నా గదిల చెడ్డది బయట ఉన్నది. గుంజితె అది లోపటికే వస్తది.”

“ఆ చెడ్డది యాడికెల్లి వచ్చింది? గా ఓపెన్‌కాస్టు తవ్వెటోళ్లను అడుగు. నన్నెందుకు నిలబెట్టి అడుగుతవ్?”

“వాళ్లను గూడ అడగాలె. ముందుగాల నా మిషన్ ఆగకుంట చూసుకోవాలె. తప్పు నీ ఒక్కనిది గాదు, నేను గూడ చూసుకుంట కూసున్న. నాలుగు ఫ్యాన్లల్ల మూడు లోపటికి తిప్పుతున్న.”

“తిప్పుకో,” అన్నాడు యిర్మియా. బల్ల మీద ఉన్న తన స్క్రూడ్రైవర్ తీసి జేబులో పెట్టుకొని మెట్లు దిగిపోయాడు.

కింద మొబైల్ రిపేరు కొట్లో స్క్రూడ్రైవర్ అడిగి తెచ్చుకొని రెజీనా ముందరి రెండు ఫ్యాన్లనూ పక్క ఫ్యాన్‌నూ లోపలికి తిప్పింది. వెనుకది ఒక్కటి బయటికి ఉంచింది. పిండి జల్లెడకు వాడే సన్నని నైలాన్ గుడ్డ తెచ్చింది. దాన్ని ఫ్యాన్‌కు ఆనించి కట్టలేదు. అలా కడితే గాలి తగ్గుతుంది. ఫ్యాన్ల కంటే వెడల్పైన చట్రాలకు బిగించి, చుట్టూ అంచులు మూసి, రెండంగుళాల ముందు నిలిపింది. రేకులు కడిగి, ఆరబెట్టి, పేస్టు కొత్తగా పూసి యంత్రం నడిపించింది. పౌడరు వదిలితే ఈసారి ప్రతి సందు దగ్గరా పొడి బయటికి ఎగిరింది.

వేడి మాత్రం ఎనభై రెండు చూపించింది. అన్నీ బయటికి గుంజిన మొదటి రోజు కంటే నాలుగు డిగ్రీలు ఎక్కువ. ఆ నాలుగు డిగ్రీల సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మర్నాడు ఎనభై రెండు. వారం గడిచినా ఎనభై రెండే. రోజూ పొద్దున జాలి విప్పి కొళాయి కింద కడిగితే నీళ్లు నల్లగా పారేవి.

పోటీ రోజు ఎండ నలభై ఆరు డిగ్రీలు. ఆరాధన ముగించుకొని రెజీనా చర్చి నుంచి నేరుగా సెంటర్‌కు వచ్చింది. రుత్విక్ ఎవరినీ అడగకుండా మూడో నంబరు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. దాన్ని ఎందుకు ఎంచుకున్నాడో అందరికీ తెలుసు. రెజీనా అతని వెనుక నిలబడి, తెర మూలనున్న అంకెనే చూస్తూ ఉంది. ఎనభై నాలుగు. ఎనభై ఆరు. మేడ కప్పు కిందికి వేడి దిగినకొద్దీ ఎనభై ఎనిమిది. క్రితంసారి ఆగిన ఘట్టానికి ఆట చేరింది. ఎనభై తొమ్మిది. అక్కడే నిలిచింది. ఆట ముగిసేదాకా అక్కడే ఉంది.

ఖని జట్టు గెలిచింది. రుత్విక్ చేతులు కీబోర్డు మీద నుంచి తీయలేదు. టోనీ అతని భుజం తట్టాడు.

“సిస్టం ఆగలే అన్నా, ఈసారి నువ్వే ఆగినవ్.”

రుత్విక్ ముఖం ఎర్రబడింది. ఓడినందుకు చెప్పుకోవడానికి అతనికి కారణం మిగలలేదు. జూన్ చివరి ఆదివారం మళ్లీ ఇక్కడే చూసుకుందామని తానే రోజు ఖాయం చేసి, స్నేహితులను వెంటబెట్టుకొని వెళ్లాడు. రెజీనా నవ్వలేదు. కీబోర్డు పక్కన శీతల పానీయం పెట్టినందుకు టోనీని మందలించి, గది ఊడ్చి తాళం వేసింది.

ఇంట్లో సుసన్నా, జూన్ నుంచి బడిలో చేరతావని ప్రధానోపాధ్యాయురాలికి మాట ఇచ్చేశానంది. ఆడపిల్ల ఆ మేడమీద కుర్రాళ్ల మధ్య ఎన్నాళ్లు కూర్చుంటుందని కూడా అంది. ఆ మాటకు మాత్రం రెజీనా గొంతు లేచింది.

“మాట ఇచ్చింది నువ్వు, నేను గాదు. రేపు నేనే పోయి రానని చెప్పొస్త.”

చెప్పినట్టే సోమవారం పొద్దున బడి ఆఫీసుకు వెళ్లి, క్షమించమని అడిగి, రానని చెప్పి సెంటర్‌కు వచ్చింది. రెండో నంబరు కంప్యూటర్ మూత విప్పుతుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. యిర్మియా లోపలికి వచ్చి ఆట కుర్చీలో కూర్చున్నాడు. కొద్దిసేపటికి జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. ముందరి ఫ్యాన్ ఊడదీసి శుభ్రం చేసి, చేతి అలవాటుతో మళ్లీ బాణం బయటికే పెట్టి బిగించబోయాడు.

“ఇటు,” అంది రెజీనా.

ఆయన ఫ్యాన్ తిప్పాడు. ఒక మర బిగిశాక తల ఎత్తకుండా అడిగాడు.

“జాలి రోజు కడుగుతవా?”

“కడుగుత.”

“లారీల కాంట్రాక్టరు గూడ దుమ్ము లేవకుంట రోజు రోడ్డు తడుపుత అన్నడు. తడుపుతుండా?”

రెజీనా రెండో ఫ్యాన్ తీసి ఆయన చేతికి ఇచ్చింది. అది ఎటు తిరిగి ఉండాలో ఆమె చెప్పేదాకా ఆయన దాన్ని పట్టుకొని కూర్చున్నాడు.