బూడిద అడిగే ముంతహా

ముంతహా అంటే మా భాషలో "ఇక చాలు" అన్నట్టు. వరసగా ఆరుగురు ఆడపిల్లలు పుట్టాక ఏడోదానికి వాళ్ళ నాన్న పెట్టిన పేరది. దేవుడు వినిపించుకోలేదు, ఎనిమిదోదీ ఆడపిల్లే. ఈవిడ మాత్రం దేన్నీ "ఇక చాలు" అని వదిలే రకం కాదు.

శరత్తు వచ్చిందంటే మా కొండ ఊళ్ళో పెరటి పొయ్యిలు రాజుకుంటాయి. దానిమ్మలు ఒలిచి, రసం పిండి, రాగి గంగాళాల్లో పొద్దంతా మరిగిస్తే నల్లటి పుల్లటి పాకం దిగుతుంది. పొయ్యిలోకి ఓక్ కట్టెలే వాడతాం. ఆ బూడిదను పారబోసే ఇల్లాలు మా ఊళ్ళో ఉండదు, ఎందుకంటే మరుసటేడు ద్రాక్షను ఎండేసే ముందు ఆ బూడిద కలిపి తేర్చిన నీళ్ళలోనే ముంచాలి. తడిస్తే బూడిదలో సారం పోతుంది. అందుకని మబ్బు పట్టగానే గోనెసంచికెత్తి ఇంటి కింది కొట్లో పడేస్తాం. చలికాలం పొయ్యి కోసం, నూనె తీశాక మిగిలిన ఒలీవ పిప్పి దిమ్మలు పేర్చేదీ ఆ కొట్లోనే. మా అమ్మ అలాగే చేసింది, నేనూ అలాగే చేశాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే ముంతహా గడప గడపకీ తిరిగేది. "బూడిద ఎక్కడ పెట్టారు?" అని అడిగి, సంచి విప్పి మోచేతి దాకా చెయ్యి పెట్టేది. వెచ్చగా తగిలిందా, ఇక ఆ ఇంటివాళ్ళ పని అయిపోయినట్టే. "మూత ఉన్న రేకు డబ్బాలో పోసి, ఇంటికి దూరంగా బండ మీద నాలుగు రోజులు ఉంచండి. కుదరదంటారా, నీళ్ళు పోసెయ్యండి" అనేది.

"నీళ్ళు పోస్తే ద్రాక్ష నీ కన్నీళ్ళలో ముంచమంటావా?" అని మేం నవ్వేవాళ్ళం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. నా పేరు నుహాద్. నా నోటికి ఊళ్ళో జడవనివాళ్ళు లేరు.

అసలు ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి వేరు. ఇరవై ఏళ్ళ కిందట ఒలీవ కాయలు కోయడానికి జనమంతా తోటలకు పోయిన మధ్యాహ్నం ముంతహా వాళ్ళ కొట్టు అంటుకుంది. పైగదిలో పడుకున్న ఆమె అత్త సైదే పొగకి ఉక్కిరిబిక్కిరై చనిపోయింది. తోటకు బయల్దేరే ముందు ముంతహా మొగుడు నౌఫల్ కొట్టు మెట్టు మీద కూర్చుని సిగరెట్ కాల్చాడు. పాపం, ఎవరూ అడక్కముందే అతనే తల బాదుకుంటూ, "నా సిగరెట్టే! మా అమ్మను నేనే చంపుకున్నాను" అని ఏడ్చాడు. ఊరూ అదే ఖాయం చేసింది. తద్దినాల రోజున అందరూ సమాధుల దగ్గర దీపాలు పెడుతుంటే అతను శ్మశానం గోడ బయటే నిలబడేవాడు. ఆదివారాలు బయట మాంసం కాలుస్తున్నప్పుడు అతను నిప్పు దగ్గరికొస్తే నేను కేకేసేదాన్ని, "నువ్వు అవతల కూర్చో అన్నయ్యా, మా ఇళ్ళు ఉండనియ్యి!" అని. అతను నవ్వి అవతల కూర్చునేవాడు. ఎంత పాపిష్టి నోరు నాది!

ఇది పోయిన ఏటి మాట. మేం పాకం దించిన మర్నాడు ముంతహా, నౌఫల్ ఇద్దరూ మా పెరట్లోకి వచ్చారు. నౌఫల్‌కి కాఫీ ఇచ్చాను. మబ్బు పట్టిందని మా కోడలు లమీస్ పొద్దున్నే బూడిద కొట్లోకి చేర్చేసింది. కొట్టు పైగదిలో నెల నిండని నా మనవరాలు నిద్రపోతోంది.

"బూడిద ఎక్కడ పెట్టావమ్మా?" అంది ముంతహా.

"వచ్చిందండీ బూడిద దొరసాని!" అన్నాను నేను. లమీస్ కిసుక్కున నవ్వి, "కొట్లో పెట్టాను పిన్నీ. చల్లగానే ఉంది, నేను చూశాగా" అంది.

"పైన చూశావు. బూడిద పైనెప్పుడూ చల్లగానే ఉంటుంది. బయటికి తెచ్చెయ్యి తల్లీ."

"ఇంకాసేపట్లో వాన పడుతుంది. తడిస్తే నువ్విస్తావా బూడిద?" అన్నాను.

"ఇస్తాను, మా ఇంట్లోదంతా తెచ్చుకో. ముందు ఆ సంచి తియ్యించు."

నాకు ఒళ్ళు మండింది. "ఏమే, ఏటేటా ఇదే గోల! బూడిదతో ఇల్లు తగలబడ్డం ఈ ఊళ్ళో ఎవరైనా చూశారా? కొంపలు కాలేది మగాళ్ళ సిగరెట్లతో. నీకు తెలీదూ?" అనేశాను. అతను అక్కడే ఉన్నాడని కూడా చూసుకోలేదు. నౌఫల్ కాఫీ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు.

ముంతహా నా వంక చూసింది. మొగుడి వంక చూసింది. తల ఎత్తి, నా మనవరాలు పడుకున్న కిటికీ వంక చూసింది.

"ఆ రోజు కాలింది సిగరెట్‌తో కాదు" అంది. "పొద్దున్న మబ్బు పట్టింది. బూడిద సంచికెత్తి, పిప్పి దిమ్మల పక్కన పెట్టి తోటకు వచ్చాను. సంచి అడుగున సెగ తగులుతూనే ఉంది. ఏమవుతుందిలే అనుకున్నాను. పరిగెత్తుకొచ్చి చూస్తే సంచి పెట్టిన మూలే ముందు కాలి ఉంది. నా కళ్ళతో చూశాను."

ముంతహా ఆగకుండా చెప్పుకుపోయింది.

"మా అత్తకీ నాకూ పడదని ఊరందరికీ తెలుసు. కావాలనే చంపానంటారని భయపడ్డాను. ఈయన తన మీదేసుకుని ఏడుస్తుంటే నోరు మూసుకున్నాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఇన్నేళ్ళు చేశాను. బూడిద సంగతి ఇంటింటా చెప్పుకుంటూ తిరిగాను గానీ అసలుది చెప్పలేదు. ఎవరు నమ్ముతారు నన్ను? నమ్మకుండా చేసింది నేనే. ఇప్పుడు చెప్పాను. ఆ పిల్లను కిందికి తీసుకురండి."

నౌఫల్ కప్పు కింద పెట్టాడు. పెళ్ళాం వైపు చూడలేదు. కొట్లోకి వెళ్ళి సంచిని ఈడ్చుకొచ్చి పెరటి మధ్యలో బోర్లించాడు. గోనె అడుగు నల్లబడి, అరచేయంత చిల్లు పడింది. బూడిదలోంచి నాలుగైదు బొగ్గులు దొర్లి, గాలి తగలగానే ఎర్రగా అంటుకున్నాయి. లమీస్ కెవ్వుమని మేడ మీదికి పరిగెత్తింది. నేను కొట్లోకి వెళ్ళి సంచి పక్కనున్న దిమ్మ మీద చెయ్యి వేశాను. చురుక్కుమంది.

బయటికొచ్చేసరికి నౌఫల్ ఒక్కడే నడుచుకుంటూ వెళ్ళిపోతున్నాడు, ఇంటివైపు కాదు, సమాధుల వైపు. ముంతహా నేల మీద కూలబడి ఉంది. పక్కన కూర్చున్నాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఈ ఏడూ ముంతహా ఇంటింటికీ వచ్చింది. ఇప్పుడు గడపలోనే మొదలుపెడుతుంది, "మా అత్తను నా బూడిద చంపింది. మీ బూడిద చూపించండి" అని. ఒక్కరూ నవ్వరు. రేకు డబ్బాలు ఊళ్ళో దొరకడం లేదు. వెనకే పది అడుగుల దూరంలో నౌఫల్ నడుస్తాడు. ఆమెతో అవసరమైతే తప్ప మాట్లాడడు. ఎందుకని ఆమె కూడా అడగదు.

నోరు ఊరుకోదుగా నాకు. మా ఇంటికి వచ్చినప్పుడు ముందు అతనికి క్షమాపణ చెప్పుకుని, ఆ పైన అడిగేశాను. "ఏం అన్నయ్యా, దాన్ని క్షమించినట్టా, లేనట్టా?"

అతను, మా రేకు డబ్బా మూత తీస్తున్న ముంతహా వంక చూశాడు.

"పంతొమ్మిదేళ్ళు రోజూ నన్ను నేను తిట్టుకున్నానమ్మా" అన్నాడు. "ఇప్పుడా తిట్లన్నీ ఆవిడకి చెందుతాయట. అంత బరువు ఆవిడ నెత్తిన ఎలా పెట్టను?"