నెత్తళ్ళ పొట్టూ, సగం యూరియా

మా వరిమడికి యూరియా సగమే వేస్తాను. వ్యవసాయ ఆఫీసులో చెప్పిన పద్ధతే అది. సగం బస్తా ఎరువు, మిగతా సగానికి పశువుల గత్తం, ఆ గత్తంలో కలిపే జీవన ఎరువు పొడి. మాకైతే అందులో ఇంకోటి కూడా పడేది. భావనపాడు నుంచి మా వదిన తెచ్చే చేపల పొట్టు.

చుట్టరికమేమీ లేదు. ఎండు చేపల గంపతో టెక్కలి దగ్గర మా వీధికి వచ్చేది, నేను ధాన్యం కొలిచేదాన్ని, అలా వదినలమైపోయాం. నాట్ల కాలం ముందు, ఇసుకమీద ఎండిన వేలెడేసి నెత్తళ్ళ చేపల తలలూ తోకలూ బస్తాకెత్తి ఆటోలో వేసుకొచ్చేది. నెత్తళ్ళకి ఉప్పు పట్టించరు, అందుకే ఆ పొట్టు మడికి మంచిది. ఇద్దరం కూర్చుని గత్తంలో కలిపి, తడిపి, గోనె కప్పేవాళ్లం. నేను జీవన ఎరువు పొడి చల్లుతుంటే మూతి తిప్పేది.

"ఏటొదినా, ఈ బూడిదలో పేనముందంటావా?"

"ఉందట. యూరియాతో కలిపితే సచ్చిపోతాదట."

"అయితే నీకన్నా నాజూకే!"

ఆ కంపులో కూర్చుని నవ్వినంత నవ్వు నేను మళ్లీ నవ్వలేదు.

ఒక ఏడు వదినకి జ్వరమొచ్చి పొట్టు వాళ్ళ కోడలు ఊడ్చి పంపింది. పెద్ద చేపలకి ఉప్పు పట్టించిన చోటు కూడా కలిపి ఊడ్చేసింది పాపం. చూపుకి రెండూ ఒకటే. తెలియక ఆకుమడిలో వేశాం. నారు కొసల నుంచి ఎర్రబడి మాడిపోయింది. వదిన ఆ జ్వరంతోనే వచ్చి, చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుంది. కూర్చోమన్నా కూర్చోలేదు. పక్కూరి నుంచి నారు తెచ్చి నాటాను, పంటా పండింది. ఆవిడ మాత్రం మళ్లీ మా వీధి తొక్కలేదు.

కబుర్లంపాను. వస్తానందనేవాళ్లు, వచ్చేది కాదు. ఇప్పుడు చేపలు తెచ్చేవాళ్లని రుచి లేదని ఊరికే సాధిస్తుంటాను. పొట్టు లేక ఏటా పైరు కాస్త పలచనే. ఇంకాస్త యూరియా కొడితే పోదా అంటాడు మా ఆయన. పోతుంది, నాకు తెలీదా! కానీ ఆ సగం యూరియాతో నింపేస్తే, ఆవిడ ఇక రానక్కర్లేదని నేనే ఒప్పుకున్నట్టు. అది నా వల్ల కాదు.

ఈ ఏడు పైరు మరీ పసుపు తిరిగింది. ఎరువుల కొట్టుకని బయల్దేరి భావనపాడు ఆటో ఎక్కేశాను. వదిన ఇంటి ముందు నెత్తళ్ళు తిరగేస్తోంది. బాగా చిక్కిపోయింది. నన్ను చూసి తల దించుకుంది.

"ఎందుకు రావట్లేదొదినా?"

చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. తాటాకు చూరు కింద బస్తాలు, ఒకదాని మీద ఒకటి. అడుగువి చివికి పొట్టు కారుతోంది.

"ఏటేటా నా సేత్తోనే ఊడిసి నీకని దాసి ఎడతన్నాను. ఏ మొకం ఎట్టుకుని తెమ్మంటావు?"