కుందేలు మీద బొట్టుబిళ్ళ

సత్తియ్యకి కుందేలంటే పడదు. కూర సంగతి కాదు, బొమ్మ సంగతి. చెరువులు తవ్వే మా పొక్లెయిన్‌లో స్పీడు మార్చే బటన్ దగ్గర రెండు బొమ్మలుంటాయి. నెమ్మదికి తాబేలు, పరుగుకి కుందేలు. భీమవరం చుట్టుపక్కల డ్రైవర్లందరూ దారి ఖాళీగా కనిపిస్తే చాలు, కుందేలు నొక్కుతారు. మావాడు మాత్రం దాని మొహం మీద వాళ్ళావిడ బొట్టుబిళ్ళ అంటించేశాడు. ఎనిమిదేళ్ళయింది. బండి ఓనర్ని నేనే అయినా ఆ కుందేలు ఎలా ఉంటుందో నాకు తెలీదు.

"ఇంత నెమ్మదేంటి?" అని ఎవరైనా అన్నారో, వాళ్ళ పని అయిపోయినట్టే. ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే లోకనాథ్‌గారు ఒకసారి సరదాగా అన్నారు.

"ఏంటి సత్తియ్యా, నూటయాభై హార్స్‌పవర్ ఉండి ఈ నీరసమేంటి?"

సత్తియ్య ఇంజినాపి మరీ కిందికి దిగాడు.

"బండి ఇరవై టన్నులండి. బరువు తగ్గించమంటారా? నిండు బకెట్టు లేపగానే చెరువులో బోల్తా పడతాం. ఉంచమంటారా? దిగబడకుండా వెడల్పు చైను వెయ్యాలి. అది తిప్పాలంటే బలం కావాలి. ఇంజినొక్కటే కదండీ! బలానికి వాడితే పరుగుండదు, పరుగుకి వాడితే గట్టెక్కదు. అన్నీ కావాలంటే పుష్పక విమానం కొనుక్కోండి, ఆయ్!"

"నేను క్లాసులో చెప్పేదీ అదేనయ్యా" అన్నారాయన, పాపం.

"మరి తెలిసీ అడిగారేంటండీ?" అని ఇంకో పావుగంట వాయించాడు.

ఇది చాలదన్నట్టు ఇంకో జబ్బు. మురుగు కాలువ గట్టు మీద చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళు ఏడున్నాయి. మా బండి చప్పుడు వినగానే ఏడు అరుగుల మీదా ఏడు గ్లాసుల నీళ్ళు వెలుస్తాయి. సత్తియ్య ఒక్కటీ తాగడు! ఆడవాళ్ళు అరుగుల పక్కన నిలబడి మధ్యమధ్య చేతులెత్తుతారు. వాళ్ళు చెయ్యెత్తినప్పుడల్లా ఈ మహానుభావుడు బండిని ఇంకా నెమ్మదిస్తాడు. ఊరేగుతున్నాడు, నా డీజిలు పోసి! నాకు ఒళ్ళు మండిపోయేది. అడిగితే ఒకటే జవాబు, "చైను కింద రోలర్లు వేడెక్కాయండి, చల్లారాలి."

మొన్న తుఫానుకి రత్నమాణిక్యంగారు ఫోన్ చేశారు. ఆవిడది రెండెకరాల కౌలు చేను. కోసి పరిచిన వరి పనలు నీళ్ళలో తేలుతున్నాయి.

"ప్రసాదుగారూ, తూముకి గుర్రపుడెక్క అడ్డం పడిందండి. సాయంత్రంలోగా నీరు లాగకపోతే గింజ మొలకెత్తిపోద్ది. మీ బండి బయల్దేరిందా, ఇంకా జడ వేయించుకుంటుందా?"

తూము నాలుగు కిలోమీటర్లు. ఆ బురద గట్టు మీదికి ట్రైలర్ రాదు, బండి చైను మీద నడిచి వెళ్ళాల్సిందే. నేను గొడుగేసుకుని ముందు నడవడం, ఆగడం, వెనక్కి తిరిగి తిట్టడం, మళ్ళీ నడవడం.

"కుందేలు నొక్కవయ్యా!"

"నొక్కనండి."

"బండి నాది!"

"అయితే మీరే తోలుకోండి!"

ఇళ్ళ దగ్గరికొచ్చాం. అంత వానలోనూ చూరు కింద అరుగుల మీద గ్లాసులు! అవతల ఒక మనిషి ఏడాది తిండి నానిపోతుంటే ఇక్కడ మర్యాదలా? కోపంతో కళ్ళు కనపడలేదు. మొదటింటి అరుగు మీది గ్లాసు తీసి గటగటా తాగేశాను.

ఆ ఇంటి తలుపులమ్మ నామీద విరుచుకుపడింది. "అయ్యో, తాగేశారేంటండీ! అవి తాగే నీళ్ళు కాదండి!"

"మరెందుకు, పూజకా?"

"గోడకండి! మూడ్రోజుల్నించి నానుతున్న మట్టిగోడలు. గ్లాసులో నీళ్ళు వణికితే అరుగు అదిరినట్టే. మేం చెయ్యెత్తుతాం, సత్తియ్య తగ్గిస్తాడు. పోయినేడు వానల్లో ఇంకెవరిదో బండి పరుగుమీద పోయింది. మా పక్కింటి వీరబ్రహ్మం వెనకగోడ కూలిపోయింది. మళ్ళీ నింపుతాను, జరగండి!"

ఖాళీ గ్లాసు పట్టుకుని బండి దగ్గరికెళ్ళాను. సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపం ఇంకా ఎక్కువవుతుంది.

"ఎనిమిదేళ్ళలో నాతో ఒక్క ముక్క చెప్పొచ్చు కదయ్యా!"

"చెబితే ఏమంటారు? ఊళ్ళోవాళ్ళ గోడలకి నా డీజిలెందుకంటారు. రోలర్లంటే నోరు మూసుకుంటారు. రోలర్లు మీవి కదండీ!"

గ్లాసు తీసుకెళ్ళి తలుపులమ్మకి ఇచ్చేశాను.

ఏడో ఇల్లు దాటాక ముందంతా ఖాళీ గట్టు. "గింజ ఆగదు కదండీ!" అంటూ సత్తియ్య బొట్టుబిళ్ళ ఊడదీసి అద్దానికి అంటించి బటన్ నొక్కాడు. బండి ఒక్క ఊపు ఊగి కదిలింది. ఎనిమిదేళ్ళు నెమ్మదని తిట్టినవాణ్ణి, చెప్పులు బురదలో వదిలేసి "ఆగవయ్యా, ఆగు!" అంటూ దాని వెనక పరిగెత్తాను. రెండుసార్లు పడ్డాను కూడా.

మధ్యాహ్నానికల్లా తూము తెరుచుకుంది. నీరు హోరుమని లాగేసింది. సాయంత్రానికి పనలు నేలకి ఆనాయి. రత్నమాణిక్యంగారు ఒంగి ఒక పన ఎత్తి, గింజ నొక్కి చూసి, "మొలక లేదు" అన్నారు. ఆ వెంటనే "ఇంత ఆలస్యమేంటండీ?" అని ఇద్దర్నీ కలిపి తిట్టి టీ ఇచ్చారు. సత్తియ్య ఆవిడక్కూడా ఇరవై టన్నుల నుంచి మొదలుపెట్టాడు.

తిరుగు ప్రయాణంలో బొట్టుబిళ్ళ మళ్ళీ కుందేలు మొహం మీదికెక్కింది. ఇళ్ళు కనపడగానే నేను ముందుగా నడిచి, తలుపులమ్మ దగ్గర నీళ్ళు తీసుకుని, నా చేత్తో గ్లాసు అరుగు మీద పెట్టి పక్కన నిలబడ్డాను. చెయ్యెత్తడానికి సిద్ధంగా.

క్యాబిన్‌లోంచి సత్తియ్య గావుకేక పెట్టాడు.

"సగం గ్లాసేంటండీ? నిండా పొయ్యండి! నీళ్ళక్కూడా పిసినారితనమేనా?"