ఉప్పు జాడీ మీది మూత

ఆవిడ అసలు పేరు వీధిలో సగం మందికి తెలియదు. పాత సామాన్ల కొట్టు నడిపే ఆవిడను అందరూ "తిరగేసే పిన్ని" అంటారు. ఎవరింట్లో పింగాణీ కనబడినా బోర్లించి అడుగు చూడందే ఆవిడకు ఊపిరాడదు. ఒకసారి కప్పు మీది ముద్ర చూడాలన్న తొందరలో అందులో టీ ఉందన్న సంగతే మరిచింది. వియ్యంకుడి తెల్ల చొక్కా మీది ఆ మరక పోలేదు, వియ్యపురాలి దెప్పుళ్లూ పోలేదు.

అడుగు ముద్రే వస్తువుకు పుట్టుమచ్చ అంటుంది పిన్ని. అచ్చు వేసిన బొమ్మ చూస్తే ఏ కార్ఖానాదో తెలుస్తుంది. చేత్తో గీసిన గీత ఇంకా ముఖ్యం. బట్టీలో పెట్టేముందు పనివాడు వస్తువు అడుగునా, దాని మూత లోపలా ఒకే గుర్తు గీస్తాడు, జతలు తారుమారు కాకుండా. ఏ జత గుర్తు దానిదే.

ఈ పిచ్చి ఆవిడకు ఊరికే పట్టలేదు. చిన్నతనంలో నాన్న మంచాన పడితే అమ్మ సామానంతా అమ్మేసింది. పుట్టింటివాళ్లు ఇచ్చిన పింగాణీ కూజా కూడా అందులోనే పోయింది. మూత మాత్రం ఇంట్లో ఉండిపోయింది. అమ్మ ఇప్పటికీ దాన్ని ఉప్పు జాడీ మీద పెడుతుంది. లోపల నీలం చేప ముద్ర, పక్కన కాకి కాలులా మూడు గీతలు. అమ్మ కళ్లముందుండగానే ఆ కూజా తెచ్చి చేతిలో పెట్టాలని పిన్ని తిరగని ఊరు లేదు.

ఆరోజు వెనక వీధి దర్జీ అక్క దగ్గరికి కొలతలివ్వడానికి వెళ్లింది. ఎప్పుడూ వరండాలోనే పని కానిచ్చే అక్క, వాన జల్లు కొడుతోందని లోపలికి పిలిచి, మెడకు టేపు వేసింది. కిటికీలో, పూలతో, కూజా! పిన్ని ఒక్క అంగలో కిటికీ దగ్గరుంది.

"అక్కా, ఒక్కసారి తిరగేస్తా!"

"అయ్యో, నీళ్లున్నాయే తల్లీ!"

వినేదెవరు? నీళ్లూ పూలూ నెత్తిన పడ్డాయి. మొహం తుడుచుకోకుండానే చూసింది. నీలం చేప, కాకి కాలు! మెడలో కొలతల టేపుతోనే వానలో ఇంటికి పరుగెత్తింది.

"నెత్తిన ఆ పువ్వేమిటే?" అంది అమ్మ.

"తర్వాత చెబుతా, నువ్వు రా ముందు!" ఒక చేత్తో మూత, ఒక చేత్తో అమ్మను పట్టుకుని మళ్లీ వచ్చిపడింది.

మూత టక్కున కూర్చుంది. పిన్ని చిన్నపిల్లలా గంతేసింది.

"మా అత్తగారు ఎప్పుడో కొన్నారు. మూత లేదని ఎవరూ ముట్టుకోలేదట," అంది దర్జీ అక్క, తడిసిన గుడ్డలు ఏరుకుంటూ. "నా పూలకి ఇంకోటేదైనా ఇచ్చి పట్టుకుపో. ముందు ఆ టేపిలా ఇయ్యి."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయిందని పిన్ని పకపకా నవ్వింది. "అమ్మా, ఆనాడు నువ్వు మూత మరిచిపోవడమే మంచిదైంది!"

"మరిచిపోవడమేమిటే పిచ్చిమొహమా? నేనే దాచా," అంది అమ్మ. "మూత లేని కూజాకి విలువుండదు. విలువ లేనిదాన్ని ఎవరూ దూరం పట్టుకుపోరు. ఈ చుట్టుపక్కలే పడుంటుందిలే అనుకున్నా."

ఊరందరి సామానుకూ విలువ కట్టే పిన్నికి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. అమ్మ మాత్రం మూత తీసి, లోపల అంటుకున్న ఉప్పు కొంగుతో తుడిచి, మళ్లీ కూజా మీద పెట్టింది.