ఉస్తాద్ ఒప్పుకున్న అతుకు

మా ఉస్తాద్ మొన్న పొద్దున బెల్లంపల్లిలో పోయాడు. దగ్గి దగ్గి పోయాడు. ఆయన దగ్గర వెల్డింగ్ నేర్చినవాళ్లలో సగం మంది కూడా శవం దగ్గరికి రాలేదు. చేయి పట్టి పని నేర్పినవాడికి మోసే నలుగురు కరువయ్యారంటే నాకు కడుపు మండిపోతోంది.

ఆయన పని గురించి మీకు చెప్పాలి. గని బాయిలర్ నుంచి వచ్చే పెద్ద ఆవిరి పైపుకు బెజ్జం కోసి, పక్కపైపు అతికేవాడు. "కోసినంత ఇనుము మళ్ల దానికియ్యాలె, లేకుంటే ఉసురు తగుల్తది" అనేవాడు. అందుకే అతుకు చుట్టూ మందపాటి ఇనుప పట్టా వేసేవాడు. ఆ పట్టాకు చిన్న రంధ్రం వదిలేవాడు. లోపలి అతుకు పగిలితే ఆవిరి అందులోంచి ఈల వేస్తుంది. ఈల వినగానే బాయిలర్ ఆపెయ్యాలని అందరికీ చెప్పి చెప్పి ఆయనకు నోరు నొప్పి పుట్టేది.

ఆయన తమ్ముడు ఆ బాయిలర్ దగ్గరే పని చేసేవాడు. అన్నంటే ప్రాణం. నిజాం పోయిన కొత్తలో ఓ రోజు అన్న వేసిన పట్టా ఈల వేసింది. అన్న అతుకు కారుతోందని జనం నవ్వుతారని, ఆ పిచ్చివాడు రంధ్రంలో కట్టెమేకు కొట్టాడు. కొన్నాళ్లకు అతుకు పేలింది. ఆవిరికి ఉడికి చచ్చాడు.

పేలిన ముక్కను ఎత్తింది నేనూ ఉస్తాదే. మేకు ఇంకా పట్టాలోనే ఉంది. ఆయన దాన్ని ఊడబీకి జేబులో వేసుకొని, "నువ్వు గిది చూడలే" అన్నాడు. చచ్చిన తమ్ముడి మీద మాట పడొద్దని, విచారణకు వచ్చిన దొరల ముందు తన అతుకే కచ్చా అని ఒప్పుకున్నాడు. వెల్డింగ్ పని తీసేసి, ఇనుము అరగదీసే పనికి చేతికి ఆకురాయి ఇచ్చారు. తమ్ముణ్ణి తిన్నోడని ఎదురింట్లో ఉండే ఆ తమ్ముడి పెళ్లాం వాకిట్లో నిలబడి దుమ్మెత్తి పోసేది. తల వంచుకొని పోయేవాడు. నిజం చెప్పమని నేనెంత పోరినా, "చెప్తే వాడు మళ్ల సస్తడు రా" అనేవాడు.

ఆయన బతికున్నన్నాళ్లు నేను నోరు మెదపలేదు. మొన్న ఆగలేక ఎదురింటికి పోయి ఆమెకు అంతా చెప్పేశాను. ఆమె బియ్యం చెరుగుతోంది. చేతులు ఆగలేదు.

"నాకెరుకే" అంది. "గా మేకు గీ అరుగు మీద కూసోనే చెక్కిండు. ఎందుకని అడిగితే అన్న ఇజ్జత్ కోసమన్నడు. బావను తిట్టకపోతే నా మొగన్ని తిట్టాలె గదా. ఎట్ల తిడ్తనయ్యా?"

తర్వాత చాట పక్కన పెట్టి లేచింది. ఉస్తాద్ ఇంటి ముందు చెప్పులు విడిచింది కానీ లోపలికి పోలేదు. పాడె లేచేదాకా ఎండలో ఒట్టి కాళ్లతో అట్లాగే నిలబడింది.