అమూద్ మామ మూడో గ్లాసు

అమూద్ మామకు ఉన్నదొకటే జబ్బు: సలహాలివ్వడం. సహారా ఎడారిలోని రాతి తోరణం చూడబోయే ప్రతివాడూ ఆయన బావి దగ్గర ఆగాల్సిందే, అది దాటితే చుక్క నీరు దొరకదు. ఆగాక సలహా తప్పదు. తమన్‌రాసెట్ పట్నం నుంచి వచ్చిన కొత్తవాళ్ళకే కాదు, ఆ తోరణం నీడలో పుట్టి పెరిగిన మాకూ చెబుతాడు.

"టైర్లలో సగం గాలి తీసెయ్. ఉబ్బిన టైరు ఇసుకలో దిగబడుతుంది. బూట్లు దులపందే కాలు పెట్టకు, తేళ్ళుంటాయి. మాటిమాటికీ వెనక్కి చూసుకో, తిరిగొచ్చేటప్పుడు దారి వేరేగా కనిపిస్తుంది."

ఒంటె మీద వెళ్తున్న మా పెదనాన్నను కూడా ఆపి టైర్ల సంగతి ఎత్తాడు.

"దీనికి టైర్లెక్కడున్నాయిరా?"

"సరే, బూట్లు దులుపుకో."

"చెప్పులే వేసుకున్నాను."

"అయితే వెనక్కన్నా చూసుకో!"

ఇదంతా టీ కాస్తూ చెబుతాడు. మా తువారెగ్ తెగలో టీ అంటే మూడు గ్లాసులు. అదే ఆకును మళ్ళీ మళ్ళీ మరిగిస్తాం. మూడోది తాగకుండా లేస్తే ఇచ్చినవాణ్ణి అవమానించినట్టే. మామ నురగ కోసం ఎత్తి పోస్తాడు, మళ్ళీ కెటిల్లోకి వంపుతాడు, వంపినప్పుడల్లా ఓ సలహా. ఒకాయనైతే మూడో గ్లాసయ్యేసరికి తోరణం మీదే విరక్తి పుట్టి ఇంటికి వెళ్ళిపోయాడు.

మా అక్క మొగుడు కోలా మొదటిసారి టూరిస్టు బండికి డ్రైవరుగా బయల్దేరాడు. నేను వంటవాణ్ణి. వెనక సీట్లో ఇటలీ దంపతులు. వాళ్ళ నుంచి ఒక్క ఫిర్యాదు వచ్చినా బండి ఇంకొకడికిస్తానని యజమాని ముందే బెదిరించాడు. ఆ కంగారులో, బావి దగ్గర బావ రెండో గ్లాసు కాగానే లేచాడు.

"మూడోది?" అన్నాడు మామ.

"వచ్చేటప్పుడు తాగుతాలే."

"గాలి తీశావా?"

"డ్రైవర్ని నేనా, నువ్వా?"

మామ కెటిల్ మీద మూత పెట్టేశాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మొదటి దిబ్బ దాటగానే ఇరుసు దాకా దిగబడ్డాం. బావ ఊరుకున్నాడా? యాక్సిలరేటరు తొక్కీ తొక్కీ రేడియేటరును మరిగించాడు. గొట్టం చీలింది. డబ్బా తర్వాత డబ్బా పోశాం, నీళ్ళన్నీ ఇసుక పాలయ్యాయి. చివరికి ఇటలీ ఆవిడ సీసాలో ఓ గుక్క మిగిలింది.

"బావా, చచ్చామా?"

"నోర్ముయ్, వాళ్ళు వింటారు."

"వాళ్ళకి మన భాష రాదుగా."

"నీ మొహం చూస్తే చాలు, అర్థమైపోతుంది."

అంతలో దిబ్బ మీద ఒంటె కనబడింది. పైన మామ, చేతిలో కెటిల్, రెండు పక్కలా నీళ్ళతో ఉబ్బిన తోలు తిత్తులు.

దిగుతూనే మొదలుపెట్టాడు. "మూడోది తాగకుండా పోతావురా? నా పరువేం కావాలి?"

"గ్లాసుడు టీకి ఇన్ని నీళ్ళా మామా?" అన్నాను.

"కెటిల్ కడుక్కోవద్దూ?"

"మేం ఆగిపోయామని ఎలా తెలిసింది?"

"మీ దుమ్ము ఆగింది."

"మా దుమ్మే చూస్తూ కూర్చున్నావా?"

"బావి దాటిన ప్రతి బండి దుమ్మూ చూస్తాను. అది దిబ్బలు దాటేదాకా నాకు ముద్ద దిగదు. ఏం, తప్పా?" అని కసిరాడు. నాకు ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది.

చీలిన గొట్టానికి పాత ట్యూబు ముక్క చుట్టాడు, టైర్ల గాలి తీయించాడు, అందరికీ నీళ్ళు తాగించాడు. అప్పుడు ఇటలీ ఆవిడకు కోపం గుర్తొచ్చింది. ఇక్కడెందుకు ఆపారని బావను ఫ్రెంచిలో నిలదీసింది.

మామ తనకొచ్చిన నాలుగు ఫ్రెంచి ముక్కలూ కూడగట్టుకున్నాడు. "నేనే ఆపమన్నానమ్మా. మూడో టీ ఈ దిబ్బ మీదే తాగాలి, మా ఆచారం. మర్యాద తెలిసిన కుర్రాడు కాబట్టి ఆగాడు."

ఆవిడ మొహం విప్పారింది. గ్లాసు పట్టుకుని బావ పక్కన నిలబడి ఫొటో కూడా తీయించుకుంది.

ఆ ఫొటో ఎంతమందికి చూపించిందో ఏమో! ఇటలీ నుంచి వచ్చిన ప్రతివాళ్ళూ ఇప్పుడు కోలా బండే కావాలంటున్నారు, మూడో టీ ఆ దిబ్బ మీదే ఇప్పించమంటున్నారు. పాపం మామ, ఎర్రటి ఎండలో కెటిల్ మోసుకుని, దారి పొడుగునా మా బావను తిట్టుకుంటూ వస్తున్నాడు.